తొమ్మిది నార్మల్ కాగితాలు

ఇస్నాపూర్,
17 నవంబరు 2024, ఆదివారం

నాయినా,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ, ఆఁ, మంచిదే" అంటావు. జ్వరమొచ్చిందన్నా మంచిదే, బస్సు తప్పిపోయిందన్నా మంచిదే. మొన్న అమ్మ ఫోన్ లాక్కుని "ఆయనకేం వినబడ్తలేదు, నాకు చెప్పు" అనేదాకా నాకు తెలియలేదు, పది నిమిషాలు గాలితో మాట్లాడానని. అందుకే ఈ ఉత్తరం. నీ కళ్లు బాగానే ఉన్నాయి కదా. చదివి, నీ చేత్తోనే జవాబు రాయి. అమ్మతో చెప్పించకు.

ఉద్యోగం దొరికింది. ముత్తంగి దగ్గర ఒక ఫోర్జింగ్ ఫ్యాక్టరీ. నువ్వు పనిచేసినది కాదు, కానీ లోపల అడుగుపెట్టగానే అదే వాసన. కాలిన నూనె, ఎర్రగా కాగిన ఇనుము. చిన్నప్పుడు నీ చొక్కా దగ్గర వచ్చేది. మీ దగ్గరున్న హ్యామర్ లాంటి పెద్ద సుత్తే ఇక్కడా, అది పడినప్పుడల్లా నా పళ్లు కదిలినట్టయింది.

నా పని హ్యామర్ షాపులో కాదు, డిస్పెన్సరీ పక్క గదిలో. ఆ గదిలో ఇంకో చిన్న గది, చెక్క పెట్టె లాంటిది, లోపల అంతా స్పాంజి. అందులో మనిషిని కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్ తగిలిస్తాను. నేను గాజు కిటికీ ఇవతల కూర్చుని మెషిన్ మీద బటన్ నొక్కుతాను. శబ్దం వినబడితే అతను చెయ్యి లేపాలి. ఎంత చిన్న శబ్దం దాకా లేపాడో చూసి కాగితం మీద గీత గీస్తాను. గీత పైన ఉంటే నార్మల్, కిందికి జారితే చెవులు పోతున్నట్టు. హ్యామర్ షాపులో ముప్పై ఎనిమిది మంది. అందరికీ ఏడాదికోసారి చెయ్యాలి. డిగ్రీ అయ్యాక ఈ కోర్సు చేస్తానంటే అమ్మ "చెవుల సదువేంది" అని నవ్వింది గుర్తుందా? నిన్ను వెనక నుంచి పిలిచి పిలిచి విసిగిపోయి చేశాను. ఇప్పుడు చెబుతున్నాను.

ఇక్కడి హెచ్ఆర్ మేనేజర్ భీమశంకరం గారు మాటకారి. "చూడమ్మా, మార్చి నాలుగు భద్రతా దినం. మన దగ్గర ఒక్కరికి కూడా వినికిడి నష్టం లేదని హెడ్డాఫీసు వాళ్లు షీల్డు ఇస్తారు. కాగితాల మీద నీ సంతకం ఉంటుంది. అదే రోజు నీకు శాలువా, పర్మనెంట్ లెటరు" అన్నారు. పరీక్షలు ఇంకా మొదలే కాలేదు నాయినా. రిజల్టు మాత్రం ఆయనకు ముందే తెలుసు.

ఇస్నాపూర్‌లో రూము తీసుకున్నాను. ఓనర్ పుష్పమ్మకు అమ్మ నంబర్ ఇచ్చాను. నేను ఎన్ని గంటలకు లేచానో కూడా అమ్మకు తెలిసిపోతుంది ఇక.

వెనక నుంచి పిలిచే నీ కూతురు,
నిషిత

*

కోహీర్ జామ తోట,
26 నవంబరు 2024

బిడ్డా నిషితా,

నీ ఉత్తరం అందింది. మూడుసార్లు సదివిన. మీ అమ్మకు ఒకసారి సదివి వినిపించిన. మధ్యల మధ్యల నన్ను చెయ్యి తిప్పి తిట్టింది, ఎందుకో సమజ్ కాలే.

నాకు పెద్ద ఉత్తరాలు రాయరాదు. హ్యామర్ షాపుల ముప్పై ఏండ్లు సుద్దముక్కతోని ఇనుప రేకు మీద రాసుకునే మాట్లాడుకున్నం. 'నూనె పొయ్యి.' 'పక్కకు జరుగు.' 'ఛాయ్.' గంతే. ఆడ నోరు తెరిచి లాభం లేదు. నా ఉత్తరం గూడ రేకు మీద రాసినట్టే ఉంటది.

ఈడ కావలి కొలువు మంచిగనే ఉన్నది. చెట్ల నడుమ తాడు కట్టి తాడుకు రేకు డబ్బాలు కట్టినం. రామచిలుకలు వాలంగనే తాడు గుంజాలె. డబ్బాల సప్పుడు నాకు వినరాదు గని చేతికి తెలుస్తది. తోట పటేల్ అంటడంట, యాదగిరి లెక్క కావలి కాసెటోడు లేడు, పొద్దంత గా సప్పుడుల ఉన్నా తల నొస్తుందనడు, అని.

నువ్వు చెవుల డాక్టర్‌వి అయినవని పటేల్‌కు చెప్పిన. కాదని రాస్తవ్. రాయకు. పక్క తోట ఆమె కాలు వాపుకు మందు అడుగుమన్నది.

పర్మనెంట్ అంటే మామూలు మాట గాదు బిడ్డా. నేను కాంట్రాక్ట్ కార్డు మీద లోపటికి పోయిన, ముప్పై ఏండ్లకు అదే కార్డు మీద బయటికొచ్చిన. పర్మనెంటోళ్ల కార్డు నీలం రంగు. మెస్సుల ఆళ్లు కూసునే బల్ల వేరే. నువ్వు గా నీలం కార్డు మెడల ఏసుకున్న ఫోటో పంపు. గెలిచినం అనుకుంట.

అందరికి నార్మల్ రాయి. నీ కొలువు నువ్వు కాపాడుకో.

మీ నాయిన,
యాదగిరి

*

ఇస్నాపూర్,
5 జనవరి 2025

నాయినా,

నేను డాక్టర్‌ను కాదు. కాలు వాపు ఆమెను జహీరాబాద్ ఆస్పత్రికి వెళ్లమను. పటేల్‌కు కూడా నిజం చెప్పు.

పరీక్షలు మొదలయ్యాయి. మొదటి వారంలోనే ఒక వింత. బాలప్ప అని ఒకతను, యాభై రెండేళ్లు, ఇరవై నాలుగేళ్లుగా హ్యామర్ మీదే పని. పెట్టెలో కూర్చుంటూనే "జెర జల్దీ కానియ్యుండ్రి మేడం, నా జోడీ ఒక్కడే ఉన్నడు ఆడ" అని అరిచాడు. అతనికి అది అరుపు కాదు, మామూలు మాట. పరీక్ష చేస్తే దోమ రెక్క కదిలినంత శబ్దానికి కూడా చెయ్యి లేపాడు. ఆ శబ్దం నాకే వినబడదు.

అనుమానమొచ్చి హెడ్‌ఫోన్ వైరు మెషిన్‌లోంచి పీకేశాను. బటన్ నొక్కాను. చెయ్యి లేపాడు. ఇంకోసారి నొక్కాను. లేపాడు. మొహంలో ఎంత ప్రశాంతతో. అతను చూసేది నా మొహం కాదు, కుడి భుజం. బటన్ నొక్కినప్పుడల్లా నా భుజం రవ్వంత లేస్తుందని ఆ రోజే తెలుసుకున్నాను.

బయటికొచ్చి "ఎట్లున్నయ్ మేడం నా చెవులు?" అన్నాడు. "బంగారం" అన్నాను. "అవు మల్ల, మా ఇంట్ల అందరియి గంతే" అని మెడ నిక్కించుకుని వెళ్లాడు. కాగితం డ్రాయర్‌లో పెట్టాను. నార్మల్ అని రాయలేదు, కాదనీ రాయలేదు.

ఇంకో సంగతి. మా డిగ్రీ కాలేజీ వాళ్లు ఫోన్ చేశారు. మార్చి చివర్లో ఫైనలియర్ పిల్లలకు 'విజయం సాధించాలంటే ఏం కావాలి' అని పది నిమిషాలు మాట్లాడాలట. నేనే ఎందుకన్నాను. "మీ బ్యాచ్‌లో సొంత గది, సొంత మెషిన్ ఉన్నది నీకే కదమ్మా" అన్నారు. ఆ గదికి బయటికి చూసే కిటికీ కూడా లేదని చెప్పలేదు.

ఏం మాట్లాడాలో నువ్వే చెప్పు. బాలప్పను ఏం చెయ్యాలో కూడా.

దొంగను పట్టుకుని వదిలేసిన,
నిషిత

*

కోహీర్,
12 జనవరి 2025

బిడ్డా,

బాలప్ప సంగతి సదివి నవ్వి నవ్వి తాడు ఇడిశిపెట్టిన. రెండు చెట్లు చిలుకల పాలైనయ్.

ఆయన మంచి పనోడు. ఏమనకు. భుజం సూసుడు అందరికి రాదు. మా షాపుల ముగ్గురికే వచ్చు. వేలు సూస్తె ఆలస్యమైతది. మోచెయ్యి సూస్తె మోసపోతం. భుజమే సూడాలె, గది గూడ సూసినట్టు కనబడొద్దు.

నీకు తెలువదా ఏంది? రిమోట్ ఆట యాది లేదా? నువ్వు తలుపు సాటుకు నిలబడి టీవీ రిమోట్ నొక్కుదువు. నీ భుజం ఒక్కటే కనబడేది. నువ్వు నొక్కంగనే నేను చెయ్యి లేపాలె. పదికి పది అయితే నీకు సమోస. మా షాపుల చెవుల పరీక్ష వానకాలంల ఉండె. గందుకే మనం గా ఆట వానకాలంల ఆడుదుము. తొమ్మిదేండ్లు నార్మల్ వచ్చింది నాకు. ఒక్కసారి ఫెయిల్ గాలే. నువ్వే నా గురువు.

తొమ్మిది కాగితాలు మీ అమ్మ ప్లాస్టిక్ కవర్ల భద్రంగ పెట్టింది. నీ డిగ్రీ సర్టిఫికెట్ గూడ గా కవర్లనే ఉన్నది.

కాలేజీల గదే చెప్పు. మా నాయిన తొమ్మిదిసార్లు పాసైండు, నేను ఒక్కసారి అని.

మీ నాయిన,
యాదగిరి

*

ఇస్నాపూర్,
19 జనవరి 2025

నాయినా,

నీ ఉత్తరం డిస్పెన్సరీ మెట్ల మీద కూర్చుని చదివాను. సగంలో నవ్వుతున్నాను. 'నువ్వే నా గురువు' దగ్గర ఆగిపోయాను.

అది ఆట అనుకున్నాను నేను. స్కూల్లో అందరికీ చెప్పుకున్నాను, మా నాయినకు మంత్రం వస్తది, తలుపు అవతల ఏం నొక్కినా తెలుస్తది అని. శ్రావ్య నమ్మకపోతే దాని జడ పట్టుకుని గుంజాను. మూడో తరగతి నుంచి ఇంటర్ ఫస్టియర్ దాకా, ప్రతి వానాకాలం, తలుపు చాటున నిలబడి నేను నీకు నేర్పింది ఏమిటి? నీ చెవులు పోతున్న సంగతి ఎవరికీ తెలియకుండా దాచడం. మొదట్లోనే తెలిసి ఉంటే నిన్ను హ్యామర్ దగ్గరి నుంచి తీసి వేరే పనిలో వేసేవాళ్లు. నీకు ఈ రోజు చిలుకలు వినబడేవి. అమ్మ వంటింట్లోంచి పిలిస్తే పలికేవాడివి. నువ్వు పాసైన ప్రతిసారీ నీ చెవి ఇంకొంచెం పోయింది, నేను సమోసా తిన్నాను.

అన్నిటికంటే ముందు సన్నటి శబ్దాలే పోతాయి, తెలుసా నీకు? పిట్ట కూత, పిల్లల మాట. ఆ ఆట ఆడే రోజుల్లోనే నా గొంతు నీకు వినబడటం తగ్గిపోయి ఉంటుంది. కోర్సులో ఆ పాఠం చెప్పినప్పుడు నేను ముందు బెంచీలో కూర్చుని నోట్సు రాసుకున్నాను, ఎవరి గురించో అన్నట్టు.

ఆ తొమ్మిది కాగితాలూ అబద్ధం. ఆ కవర్లోంచి నా సర్టిఫికెట్ తీసి వేరే పెట్టమను అమ్మను.

నిషిత

*

కోహీర్,
27 జనవరి 2025

నిషితకు,

ఉత్తరం అందింది.

నీ సర్టిఫికెట్ తీసి వేరే కవర్ల పెట్టినం.

వేరే పని ఇస్తుండె అని రాసినవ్. మా షాపుల సంగయ్య అని ఉండె. ఒక ఏడు చెయ్యి లేపలే. వినరాలేదని నిజం చెప్పిండు. వేరే పని ఇయ్యలే. గేటు బయట నిలబెట్టిండ్రు. ఆయన పిల్లల సదువు ఆడికే ఆగింది.

నేను దొంగతనం చెయ్యలే. చెయ్యి లేపిన. నువ్వు గా మెషిన్ ముందర కూసున్నవంటె నేను లేపిన చెయ్యి వల్లనే.

నాయిన అంటె నీకు సిగ్గయితున్నదని సమజ్ అయింది. ఇగ ఉత్తరాలు రాయకున్నా నడుస్తది.

యాదగిరి

*

ఇస్నాపూర్,
16 ఫిబ్రవరి 2025

నాయినా,

రాయకున్నా నడుస్తది అన్నావు కాబట్టే రాస్తున్నాను. నాకు సిగ్గు నీ మీద కాదు. నేను తిన్న సమోసాల మీద.

సంగయ్య సంగతి రెండు వారాలు నన్ను పడుకోనివ్వలేదు. నువ్వన్నది నిజం. చెయ్యి లేపనివాడిని గేటు బయట నిలబెడతారు. కానీ ఒక్కడే కాబట్టి నిలబెట్టారు. అందరూ ఒక్కసారే లేపకపోతే? ముప్పై ఎనిమిది మందినీ బయట నిలబెడితే హ్యామర్ ఎవరు నడుపుతారు, భీమశంకరం గారా?

అందుకే పాత క్యాలెండర్ చింపి గాజుకు అంటించాను. నా కళ్ల దగ్గర వేలెడు సందు వదిలాను, వాళ్ల చేతులు కనబడటానికి. భుజం కనబడదు. మొదట వచ్చినతను "ఇదేంది మేడం, పర్దా కట్టిండ్రు, పెండ్లిసూపులా?" అన్నాడు. నవ్వాం ఇద్దరం. లోపల కూర్చున్నాక అతను నవ్వలేదు.

పద్నాలుగు మందికి చెవులు పోయాయి నాయినా. బాలప్పకు ఇరవైసార్లు నొక్కాను. చెయ్యి ఒళ్లోనే ఉంది. చివరికి రెండుసార్లు లేపాడు, ఏ శబ్దమూ లేనప్పుడు. అంచనా వేసి లేపాడు పాపం.

కాగితాలు పట్టుకుని భీమశంకరం గారి దగ్గరికి వెళ్లాను.

"పద్నాలుగా? ఇది ఫ్యాక్టరీనా అమ్మా, ఆస్పత్రా? ఆ క్యాలెండర్ తీసేసి మళ్లీ చెయ్యి."

"మళ్లీ చేస్తే పదిహేను రావచ్చు సార్."

ఆయన కోప్పడలేదు. బీరువా వెనక నుంచి ఫ్లెక్సీ తీసి పరిచారు, మార్చి నాలుగున గేటు మీద కట్టేది. 'వినికిడి నష్టం సున్నా' అని పెద్ద అక్షరాలు, కింద షీల్డు బొమ్మ, షీల్డు పక్కన నా ఫోటో. "నీ ఈడు పిల్లలు ఎంతమందికి హైవే మీద ఫోటో ఉంటుంది? సక్సెస్ అంటే ఇది. నలుగురూ తలెత్తి చూసేది. దాన్ని నలుగురి చెవుల కోసం పాడుచేసుకుంటావా?" అన్నారు. నలుగురు కాదు పద్నాలుగు అన్నాను. ఆలోచించుకో అన్నారు. నేను ఆలోచించుకునే వెళ్లానని ఆయనకు అర్థం కాలేదు.

మర్నాడు ఎవరి చెవి కాగితం వాళ్ల చేతికిచ్చాను. అది వాళ్లది, ఆఫీసు బీరువాది కాదు. బాలప్ప "ఇది నాకెందుకిస్తున్నవ్, గేటు బయటికి పోయే చీటా?" అని నాలుగు మడతలు పెట్టి టిఫిన్ డబ్బాలో పడేశాడు. సాయంత్రం అతని భార్య ఇక్కడికొచ్చి వాకిట్లో నిలబడి అడిగింది: "నీ కొలువు పక్కా చేసుకునేతందుకు మా కొలువులు తీస్తున్నవా?" నా కొలువే పోయేట్టుందని చెబితే నమ్మలేదు. అప్పటి నుంచి పుష్పమ్మ నాతో మాట్లాడదు. అమ్మతో మాట్లాడుతుంది, అది నాకు తెలుసు.

అందరూ తిడుతున్నారు, నువ్వూ తిడతావు. తిట్టు. ఒక్క దానికి జవాబు చెప్పి తిట్టు. రేపు బాలప్ప వెనక నుంచి క్రేన్ వస్తే ఎవరి భుజం చూసి పక్కకు జరుగుతాడు?

క్యాలెండర్ తియ్యను.

నిషిత

*

కోహీర్,
27 ఫిబ్రవరి 2025

నిషితా,

పుష్పమ్మ ఫోన్ చేసింది. పద్నాలుగు ఇండ్లోళ్లు నీ పేరు చెప్పి ఏడుస్తున్నరని మీ అమ్మకు చెప్పింది. మీ అమ్మ అన్నం తినలే. మంగళవారం నేను ఇస్నాపూర్ వచ్చిన. నీ రూముకు తాళం ఉన్నది. సంగారెడ్డి పోయినవని పుష్పమ్మ సైగ చేసింది. నీ కోసం రాలే. గా మనుషుల కోసం వచ్చిన.

మీ ఫ్యాక్టరీ ముందర ఛాయ్ కొట్టు ఉన్నది గద, మొదటి షిఫ్టు ఇడిశినంక ఆడికి వచ్చిండ్రు. నేను నిషిత నాయిననని చెప్పిన. మొకాలు మాడ్చుకున్నరు. బాలప్పను అడిగి పట్టుకున్న. ఆయన గూడ నా లెక్కనే చేతులతోని మాట్లాడుతడు, మంచిగ కలిసింది.

కవర్ల నుంచి తొమ్మిది కాగితాలు తీసి బల్ల మీద పరిచిన. చెప్పిన. సూడుండ్రి, నేను తొమ్మిదేండ్లు నార్మల్. నా బిడ్డ చిన్నది, తెలువక చేసింది. భుజం కనబడకపోతే పరేషాన్ గాకుండ్రి. సందుల నుంచి కండ్లు కనబడ్తయ్ గద. నొక్కెటప్పుడు మనిషి కన్ను రెప్ప ఆగుతది. గది సూడుండ్రి. నేను నేర్పిస్త.

అప్పటిదాక నవ్వుకుంట సూస్తుండిరి. ఒక్కసారి అందరి నోర్లు బంద్ అయినయ్. నా దిక్కే సూసుకుంట నిలబడ్డరు. చేతుల ఛాయ్ చేతులనే. బాలప్ప నా భుజం మీద చెయ్యేసి పక్కకు తీస్కపోయి కుర్చీల కూసోబెట్టిండు. కాగితాలు ఒక్కొక్కటి మడతబెట్టి కవర్ల పెట్టి రెండు చేతులతోని ఇచ్చిండు. నాకు దండం పెట్టిండు.

ముప్పై ఏండ్లల నాకు గంత మర్యాద ఎవ్వరు చెయ్యలే. అబద్ధం కాగితాలు అన్నవ్. సూసినవా గా కాగితాల ఇజ్జత్.

నీ మాట నేను సర్దిన. ఇగ గాజు మీది కాగితం తియ్యి. నీలం కార్డు తీసుకో. తోటకు కావలి లేదని నీ కోసం ఆగకుండ తిరిగొచ్చిన.

మీ నాయిన,
యాదగిరి

*

ఇస్నాపూర్,
6 మార్చి 2025

నాయినా,

ఈ ఉత్తరం రాయకుండా తప్పించుకుందామని చూశాను. నీకు కూడా నార్మల్ అని రాసి పంపేస్తే సరిపోతుంది. రాయను. రాస్తే నాకూ భీమశంకరం గారికీ తేడా లేదు.

నువ్వొచ్చిన మంగళవారం, కాగితాలు పరిచి పాఠం చెబుతున్నప్పుడు నీ వెనక ఒక లారీ ఉంది. ఇనుప కడ్డీల లారీ, గేటులోకి మళ్లడానికి వచ్చింది. నువ్వు దానికి అడ్డంగా నిలబడ్డావు. డ్రైవర్ హారన్ కొట్టాడు. నీకూ లారీకీ మధ్య మూరెడు జాగా. కొట్టు కింద పడుకున్న కుక్క లేచి రోడ్డు దాటి పారిపోయిందట. ఛాయ్ పోసే ఆమె చేతిలోంచి గరిటె జారిందట. నువ్వు ఛాయ్ ఊదుకుంటూ 'కన్ను రెప్ప ఆగుతది' అంటున్నావు. డ్రైవర్ ఈసారి చెయ్యి తియ్యకుండా కొట్టాడు. నీ గ్లాసు కదల్లేదు. నువ్వు తల కూడా తిప్పలేదు. వాళ్ల నోళ్లు బంద్ అయినది అప్పుడే. బాలప్ప నిన్ను పక్కకు తీసుకుపోయింది లారీ దారిలోంచి.

ఆదివారం బాలప్ప ఇక్కడికొచ్చాడు. వాకిట్లో నిలబడే చెప్పాడు. "మేడం, మీ నాయిన తొమ్మిది నార్మల్ కాగితాలు బల్ల మీద ఉన్నయ్. ఎనక లారీ మొత్తుకుంటున్నది. నేనే ఆడ నిలబడ్డట్టు కొట్టింది నాకు. ఇంకో ఐదేండ్లు, గంతే." టిఫిన్ డబ్బాలోంచి తన చెవి కాగితం తీశాడు. నూనె మరకలైంది. "ఇగ దీన్ల ఏమున్నదో సదివి చెప్పు" అన్నాడు. చదివి చెప్పాను. పేపరు మీద రాసి కాదు, అతని ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేట్టు.

సోమవారం మార్చి మూడు. భీమశంకరం గారు నా క్యాలెండర్ పీకించేసి, సిటీ నుంచి వేరే టెక్నీషియన్‌ను తెప్పించారు. నన్ను వరండాలో కూర్చోమన్నారు. మొదట బాలప్పే వెళ్లాడు. పెట్టెలో కుర్చీ బరువుది, ఈడుస్తుంటే నేల మీద కీచుమంది. గోడ వైపు తిప్పుకుని, గాజుకు వీపు పెట్టి కూర్చున్నాడు. టెక్నీషియన్ ఇటు తిరగమన్నాడు. "అటు తిరిగేది కండ్ల కోసం. చెవులకు ఎటు కూసున్నా ఒక్కటే. నువ్వు నొక్కు సార్, వినబడితే లేపుత, లేకుంటె లేదు" అన్నాడట. అతని తర్వాత వచ్చినవాళ్లకు కుర్చీ తిప్పే పని కూడా లేకపోయింది. చెవులు బాగున్నవాళ్లు కూడా గోడకే తిరిగి కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఆ టెక్నీషియన్ చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి "సార్, ఒక్కడు కూడా నన్ను చూడటం లేదు" అన్నాడు. వరండాలో కూర్చుని నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అన్నట్టు, ఆ పద్నాలుగు మందిలో ఒకతను మాత్రం కుర్చీ మళ్లీ గాజు వైపు తిప్పుకున్నాడు. నార్మల్ వచ్చింది. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు.

మార్చి నాలుగున షీల్డు రాలేదు. నా గేట్ పాస్ తీసేసుకున్నారు. నీలం కార్డు ఫోటో నీకు ఇక పంపలేను నాయినా. పర్మనెంట్ లెటర్ నా పేరు మీద టైపు చేసే ఉంది. ఆయన అది నాకు చూపించి మరీ డ్రాయర్‌లో పెట్టి తాళం వేశారు. నేను ఏడవలేదు. బస్సు ఎక్కాక కొంచెం ఏడ్చాను, అబద్ధమెందుకు.

పదమూడు మంది చెవి కాగితాలు, ముప్పై ఏడు సంతకాలతో ఒక అర్జీ సంగారెడ్డిలో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వబోతున్నారు. చెవులకు మూతలు ఇవ్వాలి, చెవులు పోయినవాళ్లకు వేరే పని ఇవ్వాలి, ఒక్కరిని కూడా గేటు బయట నిలబెట్టకూడదు. అర్జీ నేనే రాశాను. ఏమవుతుందో తెలియదు. నువ్వొచ్చిన రోజు నేను సంగారెడ్డి వెళ్లింది సర్కారు దవాఖాన చెవుల డాక్టర్‌కు ఈ కాగితాలు చూపించడానికే. వాళ్ల మెషిన్ మీద చేసే మనిషి లేడట. సోమవారాలు వచ్చి చెయ్యమన్నారు. ఉద్యోగం కాదు. వెళ్తాను.

కాలేజీ వాళ్లకు నా గేట్ పాస్ సంగతి ఇంకా తెలియదు. తెలిసి రావద్దంటే సరే, అనకపోతే మాత్రం వెళ్తాను. విజయానికి ఏం కావాలంటే ఒక బరువైన కుర్చీ కావాలని చెబుతాను. నా ఫోటో ఉన్న ఆ ఫ్లెక్సీ పుష్పమ్మ తెచ్చుకుంది. బాత్రూమ్ రేకులు కారుతున్నాయట. స్నానానికి వెళ్తే పైనుంచి నా మొహమే నన్ను చూస్తోంది. మాట్లాడుతోంది ఇప్పుడు పుష్పమ్మ, నిన్న కూర కూడా ఇచ్చింది.

నీ కాగితాలు అబద్ధమని రాశాను. వాటి మీద సంతకం నీది కాదు. అబద్ధం ఆ సంతకాలు పెట్టినవాళ్లది. నువ్వు చేసింది నన్ను చదివించడం. నా సర్టిఫికెట్ మళ్లీ ఆ కవర్లోనే పెట్టమను అమ్మను.

లారీ సంగతి రాసినందుకు కోపమొస్తే రానీ. జవాబు మాత్రం రాయి.

నీ గురువు,
నిషిత

*

కోహీర్,
12 మార్చి 2025

బిడ్డా,

లారీ సంగతి సదివిన.

ఆ దినం నాకు కాళ్ల కింద నేల అదిరినట్టయింది. లోపట హ్యామర్ పడ్డదనుకున్న. ముప్పై ఏండ్ల అలవాటు.

రెండు దినాలు తాడు గుంజలే. చిలుకలు తిన్నయ్. పటేల్‌కు చెప్పిన, నాకు చెవులు వినరావు, నా బిడ్డ డాక్టర్ గాదు, కొలువు గూడ పోయింది అని. వినరాదని మొదటి దినమే ఎర్క అన్నడు ఆయన. మీ అమ్మ రాసి సూపెట్టింది.

నీ సర్టిఫికెట్ పాత కవర్లనే పెట్టినం. తొమ్మిది కాగితాలు తీసిన. ఈ ఉత్తరంల పెట్టి పంపుతున్న. ఇన్‌స్పెక్టర్‌కు ఇచ్చే కాగితాలల్ల అన్నిటికి పైన పెట్టు. నా పేరు దాయకు. కింద రాయి, ఈ మనిషికి లారీ హారన్ వినరాదు అని. సంగయ్య పేరు గూడ రాయి. ఆయన నిజం చెప్పిండు.

నీలం కార్డు ఫోటో వద్దు. బాత్రూమ్ మీది ఫోటో తీసి పంపు.

కాలేజీల పోయి చెప్పు. సమోసల సంగతి గూడ చెప్పు, సిగ్గేంది.

వచ్చే సోమవారం సంగారెడ్డి దవాఖానకు వస్తున్న. మీ అమ్మ గూడ వస్తనంటున్నది. కుర్చీ నేనే గోడ దిక్కు తిప్పుకుంట. నువ్వు నొక్కు. వినబడితే లేపుత. లేపకపోతే లేదని రాయి, గట్టిగ రాయి.

ఈసారి పదికి ఒక్కటి రాకున్నా సమోస నేనే కొనిస్త.

మీ నాయిన,
యాదగిరి